పేరు తెలియని ముఖములు

(శతాబ్ది ఛాయాచిత్ర ప్రదర్శన సందర్భమున కోసిగిలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవముల కమిటీవారు నన్ను పిలిచి, "అయ్యగారూ, మీరు పాత ఫోటోలు ఏరుకొంటారు గదా, వాటిని గూర్చి ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. ఏరుకొనుట అనే మాట నాకు సరిగా సరిపోయినది. నేను వాటిని వేలము పాటలలో పోటీపడి కొన్నవాడను కాను. ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు, రాయచూరు పట్టణములలోని గుజిరి అంగళ్ళలోను, హైదరాబాదు పురానాపూల్ దగ్గర జరిగే జుమ్మేరాత్ బజారులోను, పాత పుస్తకముల కుప్పల అడుగున దొరికినవాటిని ఏరి తెచ్చుకొన్నాను. 2008 నుండి ఇప్పటివరకు సుమారు 300 ఫోటోలు నా దగ్గర చేరినవి. వాటిలో ఉన్నవారు ఎవరో నాకు తెలియదు. మా బంధువులు కారు. అనేకులు మన సంఘస్థులు కూడా కారు. కొన్ని ఫోటోల అద్దముల మీద కుంకుమ మరకలున్నవి, కొన్నింటి వెనక ఉర్దూ అక్షరములున్నవి, కొన్నింటి వెనక కన్నడమున్నది. ఈ సరిహద్దు ప్రాంతములో అది వింత కాదు.

ప్రక్క గదిలో మన సంఘముల పాత ఫోటోలతో పాటు వీటిలో 60 తగిలించి ఉన్నవి. మీరు లోపలికి వెళ్ళి చూచే ముందు నేను మనవి చేయదలచినది ఒక్కటే. ఫోటోలోని మనిషి పేరు లేకుండా పుట్టలేదు. ఎవరో ఒకరికి ఆ పేరు తెలిసి ఉండగా, అడిగేవారు లేక ఆ పేరు పోయినది. మన ఇండ్లలో ఆ పేర్లు తెలిసినవారు ఇంకను ఉన్నారు. వారు ఉన్నప్పుడే అడుగుదము.

నేను ఈ పనిలో ఎట్లు పడ్డానో మొదట చెప్పుతాను. 2008లో ఆదోని దగ్గర ఒక పల్లెలో సేవ చేయుచున్న రోజులవి. గుడి కిటికీలకు పాత ఇనుప ఊచలు చౌకగా దొరుకునేమోనని ఆదోనిలో ఒక గుజిరి అంగడికి వెళ్ళాను. అంగడి యజమాని, ఒక పెద్ద వయసు సాయబుగారు, నేల మీద కూర్చొని పాత పటములు విప్పుతున్నారు. అద్దము ఒక వైపు పెట్టుతున్నారు, చెక్క ఫ్రేము ఒక వైపు పెట్టుతున్నారు. అద్దమునకు ధర ఉన్నది, చెక్కకు ధర ఉన్నది. లోపలి ఫోటో మాత్రము తూకపు కాగితముల కుప్పలో పడుచున్నది.

ఆ కుప్ప మీద పడిన ఒక ఫోటో నన్ను చూచుచున్నట్లు అనిపించి చేతికి తీసుకొన్నాను. కోటు, తలపాగా ధరించిన ఒక మనిషి చెక్కడపు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. కోటు మీద గడియారపు గొలుసు వ్రేలాడుచున్నది. ప్రక్కన అతని భార్య కుర్చీ వెన్ను మీద చేయి వేసి నిలిచి ఉన్నది. ఇద్దరి మధ్య ఐదారేండ్ల పిల్లవాడు. వెనక గుడ్డ మీద రాజభవనపు మెట్లు, స్తంభములు రంగులతో వేసి ఉన్నవి. ఫోటో వెనక్కి త్రిప్పి చూచాను. ఏమియు లేదు.

"ఇది ఎంత భాయీ?" అని అడిగాను.

"పటమా, ఫోటోనా?"

"ఫోటో."

"దానికి రేటు ఏముంది అయ్యగారూ, తీసుకపోండి. ఎవరిదో ఏమో" అన్నారు.

ఊచలతో పాటు దానిని ఇంటికి తెచ్చాను. మా ఇంటివారు చూచి, "ఎవరండీ వీళ్ళు?" అన్నారు. తెలియదన్నాను. "తెలియనివాళ్ళను ఇంట్లో పెట్టుకొని ఏం చేస్తారు?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండెను గాని ఆ దినము చెప్పుటకు నోరు రాలేదు. ఈ దినము మీ అందరి ఎదుట చెప్పుచున్నాను.

అంతకు రెండేండ్ల ముందు, 2006లో, కోసిగిలోని మా పాత ఇల్లు పడగొట్టి కట్టుకొన్నాము. మా నాయన అప్పటికే ప్రభువునందు నిద్రించారు. మా అమ్మ ఊరిలో లేదు. అటక మీది సామాను దింపిన వాడను నేనే. చిల్లులు పడిన ఇత్తడి చెంబులు, తుప్పు పట్టిన పెట్టె, చెదలు తిన్న పటములు, అన్నియు కలిపి గుజిరి బండివానికి వేశాను. 140 రూపాయలు ఇచ్చినాడు. మంచి బేరమే అనుకొన్నాను. అమ్మ తిరిగి వచ్చి క్రొత్త గోడలు చూచిన తరువాత అడిగిన మొదటి మాట, "మీ అవ్వ ఫోటో యాడ పెట్టినావురా?"

మా అవ్వకు ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. మా నాయన పెండ్లి బట్టలకు ఆదోని పోయినప్పుడు, అందరు బలవంతము చేయగా స్టూడియోలో కూర్చున్నదట. ఆమె 1991లో చనిపోయినది. ఓటరు గుర్తింపు కార్డులకు ఫోటోలు తీయుట 1993లో గదా మొదలైనది. మన పల్లెలలో అనేకమంది పేద స్త్రీలకు జీవితములో మొదటి ఫోటో ఆ కార్డు మీదిదే. మా అవ్వకు అదియు దక్కలేదు. పటము చెదలు తిని ఉన్నది, ముఖము వెలిసిపోయినది గనుక అది ఎవరిదో కూడ చూడక వేసినాను. వెనక పేరు వ్రాసి ఉంటే చూచియుందును. బండివానిని వెదకినాను, ఆదోని అంగళ్ళు వెదకినాను. దొరకలేదు. ఊచల కొరకు గుజిరి అంగడికి పోయినానని ఇందాక చెప్పితిని. అది సగము నిజమే. ప్రతి అంగడిలోను నేను మా అవ్వనే వెదకుచున్నాను. ఆమె దొరకలేదు, ఇతరులు దొరకినారు. వారిని కూడ నావంటి మనుమలే బండికి వేసి ఉందురు గదా అనుకొని తెచ్చుకొంటిని.

ఈ ఫోటోలు అంగడికి ఎట్లు చేరును? పదిహేడేండ్లుగా అంగళ్ళవారిని అడిగి తెలుసుకొన్నది ఇది. ఇల్లు పడగొట్టినప్పుడు కొన్ని వచ్చును. అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నప్పుడు కొన్ని వచ్చును. పొలము పంచుకొందురు, బిందెలు పంచుకొందురు, పటము ఎవరికి వంతు రాదు. ఇంటిలో చివరి ముసలివారు పోయినప్పుడు వచ్చును. మన ప్రాంతమునకు మరొక కారణమున్నది. కోసిగి, కౌతాళము, మంత్రాలయము వైపు పల్లెల నుండి ఏటేటా సుగ్గికి పోవుదురు. గుంటూరు వైపు మిరపకు, పత్తికి కొందరు, బెంగళూరు, హైదరాబాదు పట్టణములకు కొందరు, ఇంటికి తాళము వేసి పిల్లలను వెంటబెట్టుకొని పోవుదురు. తాళము వేసిన ఇంటిలో వానకు గోడ తడియును, పటము జారిపడును. ఇక 2009 అక్టోబరు మొదటి వారము మీకందరికి జ్ఞాపకమే. తుంగభద్ర పొంగి మంత్రాలయము మునిగినది, కర్నూలు మునిగినది. బియ్యము, బట్టలు, సర్టిఫికెట్లు పోయినవని ఏడ్చిన ఇండ్లలోనే, కొన్ని నెలల తరువాత, పెండ్లి ఆల్బము పోయినదని ఏడ్చుట నేను చూచాను. పోయిన బియ్యమును మరల కొనుక్కొన్నారు.

ఇక ఈ ఫోటోలను చదువుట ఎట్లు? ఫోటోకు పేరు లేకపోయినను అది పూర్తిగా మూగది కాదు. దళసరి అట్టకు అంటించిన చిన్న ఫోటో అయితే అది చాలా పాతది కావచ్చును. 1854లో పారిస్‌లో డిస్డేరి అనువాడు ఒకే పలక మీద అనేక చిన్న ఫోటోలు తీయు పద్ధతికి పేటెంటు పొందినాడు. ఆ తరువాతనే ఫోటో ధర తగ్గి సామాన్య గృహస్థుల ఇండ్లకు వచ్చినది. అంతకంటె పెద్దదైన అట్ట ఫోటో 1860ల తరువాతది. అంచులు రంపపు పండ్లవలె కత్తిరించినవి మన దేశములో ఎక్కువగా 1940 నుండి 1960ల వరకు కనబడును. చదరపు ఫోటోలు పెట్టె కెమెరాల కాలమువి. ఉదకమండలములో 1960లో ప్రభుత్వమువారు స్థాపించిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారపు ఇందు కాగితము మీద అచ్చువేసినవి ఆ తరువాతివి. ఆ కర్మాగారము ఇప్పుడు లేదు.

ఫ్రేము విప్పినప్పుడు తొందరపడరాదు. పటము కట్టేవారు వెనక అట్టకు, ఫోటోకు మధ్య పాత వార్తాపత్రిక పెట్టేవారు. ఆ పత్రిక తేదీ చూచితే పటము కట్టిన కాలము సుమారుగా తెలియును. ఒక పటములో 1953 అక్టోబరు నాటి పత్రిక దొరికినది. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన నెల అది. అప్పటివరకు బళ్ళారి జిల్లాలో ఉన్న మన ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరిన నెల. ఇంటి బయట రాష్ట్రము మారుచుండగా, ఇంటి లోపల ఎవరో తల్లి పటమునకు మేకులు కొట్టించుచున్నారు. ఇది నా ఊహ కాదు, పత్రిక మీద తేదీ ఉన్నది. కాని ఆమె ఎవరి తల్లియో పత్రిక చెప్పదు.

ఊహ అనగానే నా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. వేదాంత కళాశాలలో మా గురువుగారు మాకు మొదటి సంవత్సరములోనే ఒక మాట నేర్పినారు. పాఠములో ఉన్నదానిని బయటికి తీయుట ఒక పని, పాఠములో లేనిదానిని మనమే లోపల పెట్టి మరల బయటికి తీయుట మరొక పని, రెండవది చేయకండి అని. వాక్యము విషయములో జాగ్రత్తగా ఉన్నాను గాని ఫోటో విషయములో మరచిపోతిని. ఆ కోటు మనిషిని నేను పత్తి వ్యాపారిగా నిర్ణయించుకొన్నాను. 1871లో మద్రాసు నుండి వచ్చిన రైలుదారి, బొంబాయి నుండి వచ్చిన రైలుదారి రాయచూరు దగ్గర కలిసినవి. ఆ దారి మీదిదే మన కోసిగి స్టేషను, ఆదోని స్టేషను. ఆదోనికి పత్తి వ్యాపారము, జిన్నింగు మిల్లులు, సంపద వచ్చినవి. కోటు, గొలుసు, చెక్కడపు కుర్చీ ఉన్నవి గనుక ఇతడు వ్యాపారి కాక మరెవరు? కనీసము మూడు ప్రసంగములలో అతనిని చూపి, ఈ లోక సంపద అంతయు చివరకు గుజిరి అంగడికి చేరునని ఉపదేశించినాను. సంఘము కూడ తలలు ఊపినది.

మూడేండ్ల క్రిందట కోత పండుగ నాడు కోసిగి గుడి ఆవరణములో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో 40 ఫోటోలు తగిలించాను. ఎనభై దాటిన ఒక పెద్దాయన వచ్చి కోటు ఫోటో దగ్గర చాలాసేపు నిలబడ్డారు. గుర్తుపట్టినారేమోనని నేను దగ్గరకు పోయాను.

"అయ్యగారూ, ఈ కోటు ఆయప్పది కాదు" అన్నారు.

"మరి ఎవరిది?"

"స్టూడియోది. సిన్నప్పుడు నేను ఆ స్టూడియోలో పని సేసినా. నేనే తొడిగిచ్చేవాన్ని. రెండు కోట్లు ఉండె. పొట్టోళ్ళకొకటి, పొడుగోళ్ళకొకటి. ఇది పొడుగోళ్ళది. మూడో గుండీ లేదు సూడు. ఆ గొలుసు కూడా మాదే. దానికి గడియారం లేదు, ఉత్త గొలుసే జేబులోకి దోపేవాన్ని."

"అయితే ఈ మనిషి ఎవరు పెద్దాయనా?"

"నాకేం తెలుస్తాది? సంత నాడు ఎంతోమంది వస్తాండ్రి. సేతులు సూడు సామీ. పని సేసిన సేతులు అవి."

పదునాలుగేండ్లు ఆ ఫోటో నా ఇంటిలో ఉన్నది. కోటు చూచాను, గొలుసు చూచాను, కుర్చీ చూచాను. మోకాళ్ళ మీద పెట్టుకొన్న ఆ చేతులను ఆ దినము మొదటిసారి చూచాను. వ్రేళ్ళ కణుపులు లావుగా ఉన్నవి. ఒక గోరు నలిగి ఉన్నది. అతడు రైతో, మూటలు మోసే హమాలీయో, మగ్గము నేసిన వాడో నేను చెప్పలేను. వ్యాపారి అని మాత్రము ఇక చెప్పను. మనకు తెలియనివారి గూర్చి కథ చెప్పుట సులభము, ఎందుకనగా వారు లేచి కాదని చెప్పలేరు. అందుచేతనే అది చేయరాదు. ప్రక్క గదిలో అతని ఫోటో క్రింద "కోటు స్టూడియోది, మనిషి పేరు తెలియదు" అని మాత్రమే వ్రాసి ఉన్నది.

పేర్లు అడుగకపోవుట నాతో మొదలైన తప్పు కాదు. 1839లో పారిస్‌లో ఫోటో తీయు పద్ధతిని లోకమునకు ప్రకటించిన తరువాత కొద్ది కాలమునకే అది మన దేశమునకు వచ్చినది. 1856లో మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడినది. 1868 నుండి 1875 వరకు ప్రభుత్వమువారు ది పీపుల్ ఆఫ్ ఇండియా అను ఎనిమిది సంపుటముల గ్రంథము ప్రచురించినారు. అందులో ఫోటోల క్రింద ఎక్కువగా కులము పేరు, తెగ పేరు, ఊరి పేరు ఉండును. మనిషిని కులమునకు నమూనాగా చూపినారు గనుక అతని పేరు ఎవరికి కావలెను?

దానికంటె మన గుండెకు దగ్గరైనది 1876–78 నాటి మహా కరువు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో ఘోరముగా దెబ్బతిన్నవి. ఆదోని తాలూకా అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. మద్రాసు సైన్యములో అధికారియైన విలోబీ వాలెస్ హూపర్ కరువు బాధితులను వరుసగా కూర్చుండబెట్టి ఫోటోలు తీసినాడు. ఎముకల మీద చర్మము తప్ప మరేమియు లేని స్త్రీలు, పురుషులు, చంటిబిడ్డలు. ఆ ఫోటోలు ఈ నాటికిని లోకమంతట పుస్తకములలో అచ్చగుచున్నవి. తీసినవాని పేరు అందరికి తెలుసు. కూర్చున్నవారిలో ఒక్కరి పేరు తెలియదు. వారిలో మన ఊళ్ళవారు ఉన్నారో లేదో మనము చెప్పలేము. వారిని ఆ దినము పేరు అడిగియుంటే, చెప్పుటకు ఎంత సేపు పట్టును?

అదే కాలములో మరొక తీరు కూడ ఉండెను. లాలా దీన్ దయాళ్ 1886లో సికిందరాబాదులో స్టూడియో పెట్టి నిజాము ప్రభువునకు, నవాబులకు ఫోటోలు తీసినాడు. వారి పేర్లు, బిరుదులు, తేదీలు అన్నియు భద్రముగా ఉన్నవి. కెమెరా ఒక్కటే, వెలుతురు ఒక్కటే. ఒకరి పేరు నిలిచినది, ఒకరి పేరు పోయినది. ఫోటో పాతబడుట వలన పేరు పోదు. పేరు అవసరము లేదని ఎవరో తలంచుట వలన పోవును.

ఇప్పుడు మన సంఘముల ఫోటోలను చూడండి. నడుమ కుర్చీలలో దొరగారు, దొరసానిగారు ఉందురు. క్రింద వారి పేర్లు ఉండును. వెనక వరుసలో నిలిచినవారు, నేల మీద కూర్చున్నవారు ఎవరు? చాలా చోట్ల "ఉపదేశకుడు, అతని కుటుంబము" అనియో, "బైబిలు స్త్రీలు" అనియో మాత్రమే ఉండును. ఎండలో పల్లె పల్లెకు నడిచి, వెలివాడలలో కూర్చొని అక్షరములు నేర్పినవారు వారే గదా! 1810 నుండి బళ్ళారిలో పనిచేసిన లండను మిషనరీ సొసైటీవారి కాగితములు లండనులోని సోయస్ గ్రంథాలయములో భద్రపరచియున్నవి. ఎన్నో మిషనుల పాత ఫోటోలు కూడ ఆ విధముగా దూర దేశములలో భద్రముగా ఉన్నవి. అచ్చట పెట్టె ఉన్నది, సంఖ్య ఉన్నది, చల్లని గది ఉన్నది. నేల మీద కూర్చున్న ఆ తల్లి పేరు మాత్రము అచ్చట దొరకదు. అది దొరికితే ఈ హాలులో కూర్చున్న ఏ అవ్వ నోటనో దొరకవలెను.

దొరలను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఈ ప్రదర్శన కొరకు మన సంఘముల నుండి ఫోటోలు తెప్పించినప్పుడు, 1990ల నాటి రంగు ఫోటోల వెనక కూడ పేర్లు లేవు. తీసినది మనమే, కూర్చున్నది మనమే. మన సెల్‌ఫోనులలో ఇప్పుడు వేల ఫోటోలు ఉన్నవి. నూరేండ్ల తరువాత వాటికి పట్టే గతి ఏమిటో ఆలోచించండి.

ఇందులో మరొక సంగతి కూడ ఉన్నది. పేరు తెలియుట ఎల్లప్పుడు సంతోషము కాదు. ఒక ఆల్బములో ముగ్గురు స్త్రీల ఫోటో దొరికినది. నడుమనున్న యువతి ముఖమును ఎవరో సూదితో గీకివేసినారు. ఆ ఫోటోను కూడ తాడుకు తగిలించాను. ఇప్పుడైతే తగిలించను. ఆ సాయంకాలము అందరు పోయిన తరువాత ఒక సహోదరి ఒంటరిగా వచ్చి, "ఆమె మా చిన్నమ్మ. ఇల్లు విడిచిపెట్టి పోయినాది. గీకింది మా నాయనే" అన్నది. పేరు అడిగితే చెప్పినది. వెంటనే, "రాయొద్దండి అయ్యగారూ" అన్నది. ఆ ఫోటోను ఆమె చేతిలో పెట్టాను. నా దగ్గర నకలు ఉంచుకొనలేదు. చిన్నమ్మ పేరు ఆమె నోట నేను వినుటయే ఆ సాయంకాలము జరుగవలసిన పని అనిపించినది. ముప్పది, నలుబది ఏండ్లుగా ఆ ఇంటిలో ఎవరును పలుకని పేరు అది.

అందుచేత నేను ఈ ఫోటోలను ఇంటర్నెట్‌లో పెట్టుట లేదు. పెట్టితే త్వరగా గుర్తుపట్టుదురని యౌవనస్థులు అంటారు. నిజమే కావచ్చును. కాని అవి నావి కావు. ఒక ఇంటి దుఃఖమును ఊరి గోడకు తగిలించే అధికారము నాకు ఎవరు ఇచ్చినారు? ముందుగా ఆ ఊరివారికి చూపవలెను, తరువాత ఆ ఇంటివారిని అడుగవలెను, ఆ తరువాతనే బయట చూపవలెను. ఇప్పటివరకు 19 ఫోటోలు వారి వారి ఇండ్లకు తిరిగి పోయినవి. రెండు ఇండ్లవారు మాకు వద్దన్నారు. అది వారి ఇష్టము.

ఇట్టి పని లోకములో ఇతరులును చేయుచున్నారు. జపాను దేశములో 2011 మార్చి 11న వచ్చిన సునామీలో లక్షల కొలది కుటుంబ ఫోటోలు బురదలో కలిసిపోయినవి. శిథిలములు తొలగించినవారు వాటిని పారవేయక ప్రోగుచేసినారు. స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్కదానిని నీటిలో కడిగి, ఆరబెట్టి, హాళ్ళలో వరుసగా పెట్టినారు. ఇల్లు వాకిలి పోయినవారు వచ్చి తమవారి ముఖములు వెదకుకొన్నారు. మన దేశములో 2010లో ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ అను పేరుతో కుటుంబముల ఫోటోలను, వాటి కథలను ఆ కుటుంబములవారి మాటలలోనే చేర్చు పని మొదలైనది. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థవారు బ్రిటిష్ లైబ్రరీ సహాయముతో తమిళనాడులోని పాత స్టూడియోల ఫోటోలకు డిజిటల్ నకళ్ళు తీసి భద్రపరచినారు. మన ఆదోని, ఎమ్మిగనూరు స్టూడియోల ఫోటోలు చూచేవారు ఇంకను రావలసియున్నారు. అప్పటివరకు వాటిని కాపాడవలసినవారము మనమే.

ఇండ్లకు పోయి మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగించుతాను.

ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో, ఒత్తి వ్రాయక, పేర్లు వ్రాయండి. బాల్ పెన్ను వాడవద్దు, దాని గాటు ముందు వైపునకు తేలును. నున్నని కాగితము మీద పెన్సిలు అంటనిచో వేరే కాగితము మీద వ్రాసి జతచేయండి. ఎడమ నుండి కుడికి ఎవరెవరో, ఏ ఊరో, ఏ సందర్భమో వ్రాయండి. సంవత్సరము తెలియకపోతే "కరువు సంవత్సరము", "పెద్దమ్మాయి పెండ్లి ముందర" అని వ్రాసినను చాలును. స్త్రీలను "ఫలానావారి భార్య" అని విడిచిపెట్టక ఆమె పేరు వ్రాయండి.

పాత ఫోటోను లామినేషను చేయించవద్దు. తరువాత దానిని విడదీయలేము. జిగురు పేజీల ఆల్బములు కూడ ఫోటోను పాడుచేయును. వంటింటి పొగకు, వాన గోడకు దూరముగా పెట్టండి. తడిసి ఒకదానికొకటి అంటుకొన్న ఫోటోలను ఊడబెరకవద్దు. శుభ్రమైన చల్లని నీటిలో కొంతసేపు ఉంచి, మెల్లగా విడదీసి, ముఖము పైకి ఉండునట్లు నీడన ఆరబెట్టండి.

అంగడిలో ఆల్బము కనబడితే మొత్తము కొనండి, లేదా అంగడివానిని మొత్తముగానే ఉంచమని చెప్పండి. ఇప్పుడు పట్టణములలో పాత ఫోటోలకు గిరాకీ వచ్చినది. ఆల్బము చించి ఒక్కొక్కటి విడివిడిగా అమ్ముచున్నారు. అన్న ఒక ఊరికి, చెల్లెలు ఒక ఊరికి పోయిన తరువాత వారిని ఇక ఎవరును కలుపలేరు.

అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటిలో పెద్దవారి దగ్గర కూర్చొని అడగండి. వారికి ఒక్క ఫోటో చేతికి ఇచ్చి ఊరకుండండి. వారే మొదలుపెట్టుదురు. బబులోను చెర నుండి తిరిగి వచ్చినవారిలో కొందరు తమ పితరుల కుటుంబమును గూర్చి రుజువు చూపలేకపోయినారని నెహెమ్యా గ్రంథములో మనము చదువుదుము. వారును నడిచి వచ్చినవారే, వారును ఆ జనములోనివారే. వారి పేర్ల పుస్తకము మాత్రము పోయినది. మన పిల్లలకు ఆ గతి రాకుండునట్లు చూచుకొందము.

ప్రక్క గదిలో ప్రతి ఫోటో క్రింద ఒక ఖాళీ చీటీ, తాడుకు కట్టిన పెన్సిలు పెట్టించాను. తెలిసినవారు పేరు వ్రాయండి. వ్రాయుట రానివారు మా యౌవనస్థులతో చెప్పండి, వారు వ్రాస్తారు. బహిరంగముగా చెప్పుటకు ఇష్టము లేనివారు నాతో ఒంటరిగా చెప్పండి. తెలియనప్పుడు ఊహించి వ్రాయవద్దు. చీటీ ఖాళీగా ఉన్నను నష్టము లేదు.

మరొక మనవి. తలుపు ప్రక్కన ఒక ఖాళీ ఫ్రేము తగిలించి ఉన్నది. దానిలో ఫోటో లేదు, క్రింద పేరు మాత్రమున్నది. అది మా అవ్వ పేరు. మా అమ్మ చెప్పగా వ్రాశాను. ఆదోని స్టూడియోలో తీసిన ఫోటో, చెవులకు కమ్మలు, కుడి భుజము మీద కొంగు కప్పుకొని కూర్చున్నది, అడుగున ఒక మూల చెదలు తిన్నది. మీ ఊరి గుజిరి అంగడిలో గాని, మీ ఇంటి అటక మీద గాని అటువంటిది కనబడితే దయచేసి నాకు తెలియజేయండి.